తూర్పారబట్టడం అంటే తిట్టడం కాదు

మా చిన్నమ్మాయి ఎనిమిదో తరగతి. పోయిన నెలలో తెలుగు పరీక్ష పేపర్లు దిద్ది ఇంటికి పంపించారు. ఇరవైకి పందొమ్మిది. పోయిన ఆ ఒక్క మార్కు జాతీయాల దగ్గర పోయింది. 'తూర్పారబట్టు' అనే మాటకు అర్థం చెప్పి సొంతవాక్యం రాయమన్నారు. బిడ్డ ఇట్లా రాసింది: "గాలికి పట్టి గింజల్నీ పొట్టునీ వేరు చేయడం. మా అవ్వ మిద్దె మీద ఉలవలు తూర్పారబట్టింది." ఆ రెండు వాక్యాల మీదా ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత. పక్కన 'తీవ్రంగా విమర్శించడం' అని రాసి, కింద సున్నా.

పాప మార్కు గురించి ఏడవలేదు. "అవ్వ చేసింది తూర్పారబట్టడం కాదా నాన్నా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

బడికి ఫోన్ చేశాను. టీచరుగారు మర్యాదగానే మాట్లాడారు. "జాతీయాల కింద ఇచ్చిన ప్రశ్న కదండీ, జాతీయంగా ఉన్న అర్థమే రాయాలి. కీలో కూడా అదే ఉంది" అన్నారు. అందులో న్యాయం ఉంది, కాదనను. కాళ్ళకు బుద్ధి చెప్పడం అంటే పారిపోవడం అని రాయాలిగానీ కాళ్ళకు పాఠం చెప్పడం అని రాస్తే ఎవరూ మార్కు వేయరు. కానీ ఈ రెండూ ఒకటి కావు. కాళ్ళకు ఎవరూ పాఠం చెప్పరు. ఉలవల్ని మాత్రం మా అమ్మ ఇప్పటికీ తూర్పారబడుతుంది. బతికి ఉన్న అసలు అర్థాన్ని తప్పు అని కొట్టేసి, దాని నీడను మాత్రం ఒప్పు అనడం నాకు మింగుడు పడలేదు. పైగా ఆ నీడను కూడా మనం వంకరగా పట్టుకున్నామని నా నమ్మకం. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ పని ఎట్లా ఉంటుందో చెప్పాలి. చూడనివాళ్ళకు మాట రుచి తెలియదు.

మా ఊరు పలమనేరు దాటి కుప్పం పోయే దోవలో ఉంది. ఇప్పుడు మేం తిరుపతిలో ఉంటున్నా, సంక్రాంతికి పోవడం తప్పదు. ఉలవ చెట్లు పెరికి, ఎండబెట్టి, కట్టెలతో కొట్టి, కాయ పగిలాక మిగిలేది ఒక పెద్ద కలగాపులగం. గింజ, పొట్టు, విరిగిన పుల్లలు, ఆకు పొడి, మన్ను. పండగ ముందురోజు అమ్మ దాన్ని గంపతో మిద్దె మీదికి ఎక్కించమంది. పాత చీర పరిచింది. దాని అంచు మీద ముక్కాలిపీట వేసుకుంది. చేతిలో చాట. మేం చేట అనం, చాట అంటాం. ఆ చాటకు నా వయసులో సగం ఉంటుంది. మెంతులూ పాత కాగితాలూ నానబెట్టి రుబ్బి అమ్మే పూసింది. వెదురు అల్లిక సందుల్లో ఆ పూత ఎండి, గోధుమరంగుకు తిరిగి, వేలితో కొడితే టంగుమంటుంది.

పీట ఎక్కగానే పని మొదలు పెట్టలేదు. ఇంత పొట్టు చిటికెతో తీసి భుజం ఎత్తు నుంచి వదిలింది. అది ఎటు పోయిందో చూసింది. "గాలి నిలకడగా లేదు, రానీ" అంది. నేనూ పాపా కింద కూర్చుని ఎదురు చూశాం. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఊళ్ళో చింతచెట్టు కదిలింది. అమ్మ చాటను తల కంటే పైకెత్తి, ముందుకు వాల్చి, బొటనవేళ్ళతో అంచును తడుతూ వదలడం మొదలుపెట్టింది. ఒకేసారి కుమ్మరించదు. సన్నటి ధార. గట్టి గింజ తిన్నగా ఆమె పాదాల ముందు పడుతుంది, చీర మీద వాన చినుకుల చప్పుడుతో. జానెడు అవతల చొట్ట గింజ, పుచ్చు గింజ. రెండడుగుల అవతల పొట్టు. అంతకవతల దుమ్ము, అది మిద్దె దాటి పోతుంది. ఒకే చాటలోంచి పడినవి నేలమీద నాలుగు వరసలు అయ్యాయి. పాప నోరు తెరుచుకుని చూసింది.

నడుమ గాలి ఆగిపోయింది. అమ్మ చేతులు దించలేదు. చాట అట్లే పైన పట్టుకుని నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. "దించవ్వా, నొప్పి పుడుతుంది" అంది పాప. "దించితే మళ్ళీ ఎత్తల్ల గదమ్మే, ఇదో వస్తుంది చూడు" అంది. వచ్చింది, ఈసారి ఇంకో దిక్కు నుంచి. అమ్మ పీటను కాలితో జరిపి, తానూ అటు తిరిగి, మళ్ళీ వదిలింది. గాలి ఎటు తిరిగితే అటు తిరిగింది. ఇది గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇంకొకటి కూడా చూశాను. పొట్టును అమ్మ ఊడ్చి పారేయలేదు. పొరకతో జాగ్రత్తగా కూడదీసి గోనెసంచికి ఎత్తింది. ఉలవ పొట్టు ఆవుకు మంచి మేత.

ఇక మాట దగ్గరికి వస్తాను. తూర్పార అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది తూర్పు దిక్కు. నాకు చిన్నప్పుడు అట్లే చెప్పారు. తూర్పు గాలికి ఆరబట్టడమే తూర్పారబట్టడం అని. వినడానికి ముచ్చటగా ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో మా పక్క గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచే వీస్తుంది కాబట్టి కళ్ళంలో నిలబడి చూస్తే నిజమే అనిపిస్తుంది కూడా. నేను చాలా ఏళ్ళు నమ్మాను. ఇప్పుడు నమ్మను. ఎందుకో చెబుతాను.

మొదటి సంగతి, వేసవి వరి కోసే వేళకు గాలి పడమటికి తిరిగి ఉంటుంది. అప్పుడు కూడా రైతు తూర్పారే పడతాడు, పడమటార పట్టడు. మా అమ్మ పీట జరిపింది చూశారు కదా. ఆమెకు కావలసింది గాలి, దిక్కు కాదు.

అసలు సాక్ష్యం మాత్రం మా సరిహద్దుల్లో ఉంది. మా పక్కవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. పలమనేరు సంతలో ఒక గంట నిలబడితే మూడు భాషలు చెవిన పడతాయి. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో, ఉత్తర ఆర్కాడు నుంచి విడదీసిన తాలూకాలకు కడప వైపు తాలూకాలు కలిపి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. గీతలు మారాయిగానీ మనుషులు మారలేదు. మా వీధిలో ఒక తమిళ కుటుంబం ఉండేది. వాళ్ళ ఇంటి పెద్దామె పిల్లలు పని వాయిదా వేస్తే ఒకే మాట అనేది: "కాట్రుళ్ళ పోదే తూట్రిక్కొళ్." గాలి ఉన్నప్పుడే తూర్పెత్తుకో అని. తమిళంలో అందరికీ తెలిసిన సామెత. కోలారు వైపు నుంచి కోడలుగా వచ్చిన మా పెద్దమ్మ ఇదే మాటను కన్నడంలో అనేది: "గాళి బందాగ తూరికో." మనం తెలుగులో ఏమంటాం? "గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకో." మూడు భాషలు, ఒకే సామెత, అందులో ఒకే క్రియ. తమిళంలో తూఱ్ఱు (రాసేది ఱ్ఱ, పలికేది ట్ర), కన్నడంలో తూరు, తెలుగులో తూర్పు.

ఇప్పుడు ఆలోచించండి. తమిళులకు తూర్పు దిక్కు పేరు కిళక్కు, అంటే కింది వైపు. వాళ్ళ నేల సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి తూర్పు కింద, పడమర మేల్కు, అంటే పైన. కన్నడిగులకు తూర్పు మూడణ, పొద్దు మూడే దిక్కు. ఆ రెండు భాషల్లో దేంట్లోనూ దిక్కు పేరుకూ ఈ పనికీ ఏ పోలికా లేదు. అయినా పని పేరు మనదీ వాళ్ళదీ ఒకటే. అంటే ఈ మాట దిక్కులోంచి పుట్టలేదు. మన భాషలో మాత్రం దిక్కు పేరూ పని పేరూ ఒకేలా వినబడటంతో, మనం రెండింటినీ ముడివేసుకున్నాం. అంతే.

ఇంకా అనుమానం ఉన్నవాళ్ళు మన క్రియల వరస చూడండి. మారు, మార్చు, మార్పు. తీరు, తీర్చు, తీర్పు. చేరు, చేర్చు, చేర్పు. కళ్ళంలోనే ఇంకొకటి ఉంది: నూర్చు, నూర్పు. నూర్పు అయ్యాక వచ్చే పనే తూర్పు. ఇది కూడా అదే అచ్చులో పోసిన మాట. తూర్చు, తూర్పు. తమిళంతో పోల్చి చూస్తే ఇంకా తేటపడుతుంది. వాళ్ళ మాఱు, మాఱ్ఱు మన మారు, మార్చు. వాళ్ళ ఆఱు, ఆఱ్ఱు మన ఆరు, ఆర్చు. వాళ్ళ తేఱు, తేఱ్ఱు మన తేరు, తేర్చు. వాళ్ళకు ఱ్ఱ ఉన్నచోట మనకు ర్చ వస్తుంది. ఆ లెక్కన వాళ్ళ తూఱ్ఱు మనకు తూర్చు కావాలి. మా అవ్వ, అంటే అమ్మ వాళ్ళమ్మ, సరిగ్గా ఆ మాటే అనేది. "రాగులు తూర్చినారా లేదా? మబ్బు పట్టింది" అని కళ్ళంలోకి కేకేసేది. అమ్మ తరానికి అది తూర్పెత్తడం అయింది. నాకు తూర్పారబట్టడం. మా పాపకు పరీక్ష పేపర్లో జాతీయం. నాలుగు తరాల్లో ఒక క్రియ ఇట్లా నడిచి వచ్చింది. చిన్నప్పుడు అవ్వ మాట మొరటు మాట అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలుస్తోంది, అన్నిట్లోకీ పాతదీ, పొట్టు లేనిదీ అదే.

మరి ఆ 'ఆర' ఏమిటి? దాన్ని ఆరబెట్టడంలోని ఆర అనుకునేవాళ్ళున్నారు. తూర్పెత్తేది తడి ఆరడానికి కాదు. గింజ అప్పటికే ఎండి ఉంటుంది, తడి ఉంటే పొట్టు ఎగరనే ఎగరదు. నా చెవికి అది కడుపార, నోరార, కన్నులార అనే మాటల్లోని ఆర. నిండుగా, తనివితీరా అని. తూర్పు నిండేదాకా చాటను గాలికి పట్టడం. చేతులు దించకుండా నిలబడిన అమ్మను చూశాక ఈ అర్థం మీద నాకు నమ్మకం ఇంకా పెరిగింది.

ఒక పెద్దాయనతో ఈ సంగతి మాట్లాడుతుంటే ఆయన సంస్కృతం వైపు లాగారు. శూర్పం అంటే చేట, శూర్పణఖ అంటే చేటల్లాంటి గోళ్ళున్నది, కాబట్టి శూర్పమే తూర్పు అయింది అని. శూర్పం అంటే చేటే, అందులో తప్పు లేదు. కానీ సంస్కృతం శకారం తెలుగు నోట్లో సకారమో చకారమో అవుతుంది, తకారం కాదు. పైగా తమిళంలోని ఆ ఱ్ఱకు శూర్పంలో చోటెక్కడ? మన కళ్ళంలో పుట్టిన మాటకు తల్లిని వెతకడానికి కళ్ళం దాటి పోనక్కరలేదు.

ఇవన్నీ నేను కొత్తగా కనిపెట్టినవి కావు. ద్రావిడ భాషల ధాతువుల్ని ఇట్లా పక్కపక్కన పెట్టి చూడటం పెద్దలు నేర్పిన పద్ధతి. ఆ పెద్దల్లో ఒకరు మా తిరుపతిలోనే పాఠాలు చెప్పారు. 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొన్నేళ్ళు పనిచేశారు. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన చేసిన పరిశోధన 1961లో అమెరికాలో పుస్తకంగా అచ్చయింది. ఆ మరుసటి ఏడాది, 1962లో, ఆయన ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చింది. అది మొత్తం వ్యవసాయ పదాలే. చదువుకున్నవాళ్ళు ఊరి రైతుల దగ్గర కూర్చుని, ఈ పనిని మీరేమంటారు, ఈ సామానును మీరేమంటారు అని అడిగి రాసుకున్న పని అది. ఆ రోజుల్లోనే ఒక విశ్వవిద్యాలయ పండితుడు కాడీ మేడీ, నూర్పూ తూర్పూ నిఘంటువుకు ఎక్కవలసిన మాటలే అని నిలబడ్డాడు. ఇప్పుడు అదే ఊళ్ళో ఒక పిల్ల పరీక్షలో ఆ అర్థం రాస్తే సున్నా పడింది. నా బాధ అక్కడుంది.

సరే, మాట పుట్టుక అట్లా ఉంచి, తిట్టు సంగతి చూద్దాం.

పేపరు తెరిస్తే రోజూ కనబడుతుంది. ఫలానా నాయకుడు ఫలానా పథకాన్ని తూర్పారబట్టారు. కింద చదివితే ఏముంటుంది? తిట్లు. వాళ్ళ ఇంటి సంగతులు, వాళ్ళ తాత సంగతులు. ఏది గింజ, ఏది పొట్టు అనే విచారణ ఒక్క వాక్యంలో కూడా కనబడదు. మరి దాన్ని తూర్పారబట్టడం అని ఎందుకంటున్నాం?

మన భాషలో గట్టిగా విమర్శించడానికి ఎన్ని మాటలున్నాయో ఒకసారి పోగేసి చూశాను. ఉతికి ఆరేశాడు. కడిగిపారేశాడు. దులిపేశాడు. ఏకిపారేశాడు. తలంటాడు. చాకిరేవు పెట్టాడు. ఎండగట్టాడు. తూర్పారబట్టాడు. పోగేశాక నాకు ఒళ్ళు జలదరించింది. ఇవన్నీ శుభ్రం చేసే పనులు! బట్టలు ఉతికేది, గిన్నెలు కడిగేది, చాప దులిపేది, గింజలూ ఆకు ముక్కలూ పోయేలా దూది ఏకేది, బిడ్డకు తలంటేది, పరుపు ఎండలో వేసేది, ఉలవలు తూర్చేది. దంచేశాడు, వాయించాడు లాంటి కొట్టుడు మాటలు లేకపోలేదు. కానీ ఎక్కువ మాటలు ఇంటి పని నుంచీ కళ్ళం పని నుంచీ వచ్చినవే. ఉతికేవాడికి చొక్కా కావాలి, మురికి వద్దు. తలంటే తల్లికి బిడ్డ కావాలి. తూర్చేవాడికి గింజ కావాలి. మన ముందుతరాలవాళ్ళు విమర్శకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు యుద్ధం దగ్గరికి పోలేదు, వేట దగ్గరికి పోలేదు. చాకిరేవుకు పోయారు, కళ్ళానికి పోయారు. ఎదుటి దాంట్లో మిగుల్చుకోదగింది ఏదో ఉందన్న నమ్మకంతోనే ఈ మాటలన్నీ పుట్టాయి.

ఉత్త తిట్టుకు మనకు వేరే మాట ఉంది. దుమ్మెత్తిపోయడం. చేతికందిన మన్ను తీసి ఎదుటివాడి మీద పోయడం. అందులో ఏరడం లేదు, వేరు చేయడం లేదు. ఇక్కడే తమిళం మళ్ళీ దారి చూపిస్తుంది. తమిళంలో తూఱ్ఱు అనే ఒకే మాటకు రెండు పనులున్నాయి. గింజలు తూర్చడమూ తూఱ్ఱడమే, ఒకరి మీద అపనింద చల్లడమూ తూఱ్ఱడమే. మన్ను గుప్పిట్లో తీసుకుని ఎదుటివాళ్ళ మీద చల్లి శపించడాన్ని 'మణ్ణై వారి తూఱ్ఱు' అంటారు. వాళ్ళ పాత ప్రేమ కవిత్వంలో పిల్లా పిల్లవాడి మీద ఊరు చెప్పుకునే గుసగుసల్ని 'అలర్ తూఱ్ఱడం' అన్నారు. అక్కడ చాట లేదు. గాలిలోకి చల్లడం ఒక్కటే ఉంది.

కన్నడం చూడండి. గింజలకు తూరు. ఫిర్యాదుకు, నిందకు దూరు. పోలీసు స్టేషన్‌లో ఇచ్చే కంప్లయింటు కూడా దూరే. త వేరు, ద వేరు. తెలుగులో కూడా నిందించడానికి దూరు అనే మాట ఉంది. "ఊరికే నన్ను దూరొద్దు" అంటుంది మా అమ్మ ఇప్పటికీ. అంటే తమిళంలో ఒకే మాటలో ఉన్న రెండు పనుల్ని కన్నడమూ తెలుగూ రెండు మాటలుగా విడివిడిగా పెట్టుకున్నాయి. తూర్చడం ఒకటి, దూరడం ఒకటి. మనవాళ్ళు ఇంకా ముందుకు పోయి దుమ్మెత్తిపోయడం కూడా చేర్చుకున్నారు. ఇన్ని మాటలు ఉన్నాయి కదా, దేని పని దానికి చెప్పుకోవచ్చు. నాయకుడు తిట్టాడా, దుమ్మెత్తిపోశాడు అని రాయండి. బడ్జెట్‌లో ఏ లెక్క నిలుస్తుంది, ఏ లెక్క గాలికి పోతుంది అని ఎవరైనా ఓపికగా విడదీసి చెప్పారా, అప్పుడు తూర్పారబట్టారు అని రాయండి. ఈ తేడా పాటిస్తే పేపర్లలో తూర్పార అనే మాట నెలకు ఒకసారి కూడా రాదేమో. రాకపోయినా పర్వాలేదు. వచ్చిన రోజున దానికి బరువుంటుంది.

మాట వాడుకలో మారుతూ ఉంటుంది, దాన్ని పట్టి కట్టేయలేం కదా అని నా మిత్రుడొకడు అన్నాడు. వాడు చెప్పింది కూడా నిజమే. ఆగ్రహం, ఉద్యోగం, అవస్థ, ఎన్ని మాటలు పాత అర్థాలు వదిలేసి రాలేదు! అర్థం మారడం మీద నాకు కోపం లేదు. పాత అర్థం ఎదురుగా నిలబడి ఉండగానే అది లేదనడం మీద కోపం. నిజానికి ఆ పాత అర్థం కూడా ఎక్కువ కాలం నిలబడేట్టు లేదు. వరికోత మిషన్ వచ్చాక కోత, నూర్పు, తూర్పు మూడూ ఒకే డబ్బాలో అయిపోతున్నాయి. గింజ ఒక వైపు, గడ్డి ఒక వైపు వస్తుంది. మిషన్ దొరకని చోట రాగుల్నీ ఉలవల్నీ తారు రోడ్డు మీద పరుస్తున్నారు, బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతాయి. సాయంత్రం ఫ్యాన్ పెట్టి పొట్టు ఎగరేస్తారు. రైతుకు ఒళ్ళు నొప్పులు తగ్గాయి, అది మంచిదే, నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. అమ్మ చేతులు ఇంకా అట్లా పైకెత్తి నిలబడాలని నేను కోరుకోను. కానీ పని పోయినప్పుడు మాటకు మిగిలే ఒకే ఒక్క ఇల్లు బడి. బడి కూడా తలుపు వేస్తే అది ఎక్కడికి పోవాలి?

పిల్లలకు ఈ మాట నేర్పాలంటే పెద్ద కష్టం కూడా లేదు. ఒక చాట, ఒక శేరు ఉలవలు, కాస్త పొట్టు, ఒక మిద్దె. పావుగంట పని. గింజ ఎందుకు తిన్నగా పడింది, పొట్టు ఎందుకు అంత దూరం పోయింది అని అడిగితే సైన్సు టీచరుకు కూడా ఒక పాఠం దొరుకుతుంది. ఆ పావుగంట చూసిన పిల్లవాడికి 'తీవ్రంగా విమర్శించడం' అనే అర్థం వేరుగా బట్టీ పట్టించనక్కరలేదు. వాడే చెబుతాడు, ఇంకా సరిగ్గా చెబుతాడు. మా పాప చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఆమెను పిలిచి అడిగాను, "పాపా, మనిషి మాటను తూర్పారబట్టడం అంటే ఏమై ఉంటుంది?" అని. కాసేపు ఆలోచించి, "ఆ మాటను మెల్లగా కింద వదిలి, ఏది దగ్గర పడుతుందో, ఏది ఎగిరిపోతుందో చూడటం" అంది. ఈ జవాబుకు నేనైతే రెండు మార్కులు వేస్తాను.

మొన్న ఆదివారం ఊరికి పోయినప్పుడు అమ్మకు ఈ గొడవంతా చెప్పాను. ఆమె వంటింట్లో ఉలవలు చెరుగుతోంది. మిద్దె మీద గాలికి పోనివి కొన్ని ఉంటాయి కదా, రాళ్ళూ బెడ్డలూ. అవి గింజంత బరువుంటాయి, గింజతోపాటే కాళ్ళ దగ్గర పడతాయి. వాటికి చెరగడం కావాలి, చేత్తో ఏరడం కావాలి. నేను చెప్పిందంతా విని, "అయితే నేను ఆ పొద్దు మిద్దె మీద చేసిందానికి ఏం పేరంట?" అని అడిగింది. తూర్పారబట్టడమేనమ్మా అన్నాను. "మరింక?" అని, ఒక బెడ్డ ఏరి కిటికీలోంచి బయటికి వేసింది. కుక్కరులో ఉలవచారుకని రెండు గుప్పిళ్ళు తీసి, మిగతావి సంచికి పోసి మాకు కట్టి ఇచ్చింది.

తిరుపతికి వచ్చాక ఒక తెల్లకాగితం తీశాను. ఫిర్యాదు రాయలేదు, మార్కు కలపమని అడగలేదు. తమిళ సామెత, కన్నడ సామెత, తెలుగు సామెత, మూడూ ఒకదాని కింద ఒకటి తెలుగు లిపిలోనే రాశాను. మూడింటిలోనూ ఆ క్రియ కింద గీత గీశాను, నల్ల సిరాతో. కింద పాప తన వాక్యాన్నే మళ్ళీ రాసింది: "మా అవ్వ మిద్దె మీద ఉలవలు తూర్పారబట్టింది." ఒక చిన్న పొట్లంలో గుప్పెడు ఉలవలు, ఇంకో పొట్లంలో గుప్పెడు పొట్టు కట్టి, కాగితంతోపాటు బ్యాగులో పెట్టుకుంది. సోమవారం టీచరుగారికి ఇస్తుంది.